మచ్‌కు గతం రాయండి

ఇంగ్లండ్ గాథల్లోని అడవి దొంగ రాబిన్ హుడ్ మీద వచ్చిన ఒక వ్యాసం చదివాను. అతను ఆస్తి పోగొట్టుకున్న ప్రభువనీ, ఆ అవమానమే అతణ్ణి అడవి పట్టించిందనీ వ్యాసకర్త రాశారు. అది చాలా తర్వాత అతికించిన గతం. 1598 నాటి ఆంథొనీ మండే నాటకాల్లో అతను హంటింగ్టన్ ప్రభువయ్యాడు. పాత గాథల్లో మాత్రం స్వతంత్రుడైన సామాన్యుడు. అడవికెందుకు వచ్చాడో ఒక్క మాటా ఉండదు. 1500 ప్రాంతంలో అచ్చయిన పెద్ద గాథలో పూర్వకథ దక్కింది ఒక నైటుకి, అంటే గుర్రపు యోధుడికి! కొడుకు చేసిన హత్య నుంచి వాణ్ణి కాపాడుకోవడానికి యార్క్ మఠంలో 400 పౌండ్లకు భూమి తాకట్టు పెట్టాడు పాపం.

నాకైతే గతం కల్పించాలనిపించేది రాబిన్ ముఠాలోని మచ్‌కు, పిండిమర వాడి కొడుక్కి. 15వ శతాబ్దపు మరో గాథలో, రాబిన్‌ను పట్టించిన సన్యాసి తలను రాబిన్ అనుచరుడు లిటిల్ జాన్ నరుకుతాడు. ఆ సన్యాసి వెంట ఉన్న పసివాణ్ణి, ఎక్కడ చెప్పేస్తాడోనని, మచ్ చంపేస్తాడు. కవి ఒక్క ముక్కలో దాటేశాడు. అప్పట్లో చాలాచోట్ల మర ఊరి ప్రభువుది, రైతులు అక్కడే ఆడించుకోవాలి, మర నడిపేవాడంటే ఊరందరికీ అనుమానం. అలాంటి ఇంట్లో పెరిగినవాడి చేతికి అంత కరకుదనం ఎలా వచ్చింది? ప్రభువుగారైన రాబిన్‌కు ఇంకో ప్రేమకథ అల్లే బదులు ఎవరైనా ఇది రాస్తే చదవాలని ఉంది.