అన్న వచ్చేదాకా జెండా ఆగాల

కర్నూలుకు సముద్రం లేదు. ఉన్న పెద్ద నది తుంగభద్ర, ఎండాకాలంలో అదీ ఉందో లేదో సుంకేసుల బ్యారేజీ దాకా పోయి చూసి రావాల్సిందే. అయినా నౌకాదళ మర్యాదలు ఈ ఊరికి తక్షణం అవసరమని మనవి. పంద్రాగస్టున మా వీధి స్కూల్లో రెండు గంటల నలభై నిమిషాలు నిలబడినాక నాకు ఈ జ్ఞానం కలిగింది.

రేవులో ఉన్న యుద్ధనౌక మీద జెండా పొద్దున 8 గంటలకు లేస్తుంది. అడ్మిరల్ కాఫీ తాగినాడా లేదా అని అడగదు. మా స్కూల్లోనూ 8కే అన్నారు. ఎనిమిదిన్నరకు ‘అన్న బయల్దేరినాడు’ అన్నారు. అన్నంటే జెండా ఎగరేయాల్సిన మా లీడరు. తొమ్మిదిన్నరకు ‘స్నానం చేస్తాండాడు’ అన్నారు. బయల్దేరిన మనిషి దారిలో ఏ చెరువులో దిగినాడో!

10:40కి వచ్చినాడు. నౌకలోకి పెద్ద అధికారి అడుగు పెడితే బోసన్ పైపు అనే చిన్న ఈల ఊదుతారు. తెరచాప ఓడల కాలంలో వచ్చిన దొరను కుర్చీలో కూచోబెట్టి తాళ్లతో పైకి లాగేవాళ్లట, ఆ లాగుడుకు సైగ ఆ ఈల. మా దగ్గర ఈలలకు కరువా? తాళ్లెందుకు, క్రేనే తెచ్చినారు. దాని కొక్కేనికి ఆపిల్ పండ్ల గజమాల. ‘దించప్పా’ అని ఒక గుంపు, ‘ఎత్తప్పా’ అని ఇంకో గుంపు. డ్రైవరు ఇద్దరి మాటా విన్నాడు. మాల దిగి అన్న నెత్తికి తగిలి, కండువాను పట్టుకుని పైకి లేచింది. సంప్రదాయం ప్రకారం అన్న కూడా లేస్తాడని గంపెడాశతో చూసినా. కండువా ఒక్కటే పోయింది.

తర్వాత పటాకులు. ఓడలు తోపులు పేల్చేది ‘మా ఫిరంగులు ఖాళీ, మాతో భయం లేదు’ అని చెప్పడానికట. రాష్ట్రపతికైనా 21తో ఆపుతారు. మా సీమలో చప్పుడు వింటే ఖాళీ అయిందని ఎవడు నమ్ముతాడు? ఆపేవాడూ లేడు. ఆ పొగలోనే అన్న సెల్యూట్ కొట్టినాడు, అరచేయి కిందికి తిప్పి. అది అచ్చం నేవీ పద్ధతి. తారు, గ్రీసు అంటిన చేయి ఎదుటివాడికి కనబడకూడదని అట్లా తిప్పుతారని చెప్తారు. అన్నకు ఇది ఎవరూ నేర్పలేదు, దానంతట అదే వచ్చింది.

నాలుగో తరగతి పాప ఒకతి కళ్లు తిరిగి పడింది. ఒంటేలుకు పోతామన్న పిల్లల్ని ‘అన్న వచ్చే టైముకు లైను చెడుతుంది’ అని కూచోబెట్టినారు. సిగ్గుండాల! ఎవడి కోసంరా ఈ ఎండ? ఆ జెండా మీ ఇంటి పెండ్లి పందిరా, పెండ్లికొడుకు వచ్చేదాకా ఆపడానికి?

వెనక వరసలో మా వీధి పెద్దాయన ఉన్నాడు. 15 ఏళ్లు నౌకాదళంలో చేసి వచ్చిన మనిషి. ముందు వరసలో కూచుంటే, అన్న మనుషులకు కుర్చీలు చాలవని లేపినారు. సరిగ్గా 8 గంటలకు ఆయన ఒక్కడే లేచి, మూటగట్టిన జెండాకు ఎదురుగా అటెన్షన్‌లో నిలబడినాడు. పిల్లలు నవ్వినారు.

అన్న తాడు లాగినాడు. ముడి రాలేదు. ఇంకా గట్టిగా లాగితే ఇంకా బిగిసింది. డ్రిల్లు సారు లాగినాడు, కార్పొరేటరు బావమరిది లాగినాడు. చివరికి పెద్దాయన వెనకనుంచి నడిచొచ్చి, తాడు కొంచెం వదులు చేసి, రెండుసార్లు విదిలించినాడు. పూలు రాలినాయి. జెండా విచ్చుకుంది.

“పెద్దాయనా, ఫోటోకు అడ్డం ఉండావు, పక్కకు జరుగప్పా” అన్నాడు కెమెరావాడు.