ఆకు బొమ్మ కావాలట, పాత టైరు మాత్రం వద్దట!

మధ్యాహ్నం మూడింటికి జరిగింది. రాత్రి తొమ్మిదైంది, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది.

జీడిమెట్లలో మాది చిన్న రబ్బరు యూనిట్. ఒక మిల్లు, మూడు ప్రెస్సులు, ఏడుగురు మనుషులు. జనరేటర్ల కింద వేసే ప్యాడ్లు చేస్తాం. ఈరోజు ఒక పెద్ద కంపెనీ పర్చేజ్ సార్ వచ్చారు. ప్యాడ్ చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కారు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని, బంగినపల్లి మామిడిపండు చూసినట్టు వాసన చూశారు.

"ఇందులో పాత టైరు కలిపారా అండీ?"

కలిపాం సార్, కొటేషన్‌లోనే రాశాం కదా అన్నాను.

"అంటే సెకండ్స్ మాల్ అన్నమాట."

సెకండ్సా! నేనేమైనా ఎవరో వేసి పారేసిన చెప్పులు కోసి ప్యాడ్లని అమ్ముతున్నానా?

టైరు బరువులో దాదాపు పావు వంతు కార్బన్ బ్లాక్ అనే నల్ల పొడే. జనం అది నలుపు రంగు కోసం అనుకుంటారు. అది లేని రబ్బరు రోడ్డు మీద సబ్బు బిళ్ళలా అరిగిపోతుంది. పాత టైరును గాలి తగలకుండా 400-500 డిగ్రీల్లో ఉడికిస్తే నూనె, గ్యాస్ వస్తాయి, ఉక్కు తీగ, నల్ల బొగ్గు మిగులుతాయి. ఆ బొగ్గును మెత్తగా పొడి కొట్టి మళ్ళీ రబ్బరులో కలుపుతాం. మరి కొత్త కార్బన్ చెట్టుకి కాస్తుందా? పెట్రోలియం నూనెను సగం సగం కాల్చి తీస్తారు. నూనె తగలబెట్టి తీస్తే మడి, టైరులోంచి తీస్తే మైల!

కొత్తదానికి సమానమని నేనెప్పుడూ అనలేదు. టైర్ కార్బన్‌లో బూడిద నూటికి పది, పదిహేను పాళ్ళు ఉంటుంది. టైరులో వేసిన జింక్ ఆక్సైడ్, సిలికా అన్నీ అందులోనే మిగిలిపోతాయి మరి. సరిగ్గా ఉడక్కపోతే నూనె కంపు కొడుతుంది, అలాంటి బస్తాలు నేనే రెండుసార్లు వెనక్కి పంపాను. లారీ టైరు ట్రెడ్‌కి, అంటే రోడ్డుకి తగిలే పై పొరకి, వేస్తానంటే ముందు నేనే వద్దంటాను. కానీ జనరేటర్ కింద పడుండే ప్యాడ్‌కి ఏం రోగం? వంద కిలోల రబ్బరుకి యాభై కిలోల కార్బన్ పడుతుంది, అందులో పదిహేను కిలోలు ఈ టైరు కార్బన్ వేశాం. హార్డ్‌నెస్, అంటే రబ్బరు గట్టిదనం, 65 అడిగారు. ఆయన ముందే గేజ్ పెట్టాను, 66 చూపించింది. అటు చూస్తేగా! ముక్కు చెప్పిందే ఫైనల్.

మన ఊళ్ళో పాత టైరుకి ఉన్నవి రెండే ఉద్యోగాలు. బంద్ రోజు చౌరస్తాలో కాలడం, మిగతా రోజులు పంక్చర్ షాపు పక్కన వాన నీళ్ళు పట్టి దోమల్ని పెంచడం. (మా కాలనీలో భోగి మంటలో కూడా టైరు పడేసే మహానుభావులున్నారు. పిడకలు దొరకలేదట! పండగ మూడు రోజులూ మా అమ్మ దగ్గుతూనే ఉంది.) అప్పుడు ఎవరికీ వాసన రాదు. దానికి మూడో ఉద్యోగం ఇచ్చినందుకు నేను దొంగనయ్యాను.

అసలు మండింది అందుక్కాదు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి ఏమన్నారో తెలుసా?

"కొత్త కార్బన్‌తోనే చేసివ్వండి, రేటు ఇదే ఉంచండి. పైన గ్రీన్ ప్రొడక్ట్ అని ఒక ఆకు బొమ్మ వేయగలరా? మా వాళ్ళకి ఈ ఏడాది టార్గెట్ ఉంది."

పాత టైర్ల బాధ్యత టైరు కంపెనీలదేనని కేంద్రం 2022లో రూల్ పెట్టింది, బానే ఉంది. రీసైకిల్ చేసిన మాల్ కొనేవాడి ముక్కుకి ఏ రూల్ పెడతారు?

పైగా పాత బాకీ తీర్చారా అంటే అదీ లేదు. చిన్న యూనిట్లకి 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 నుంచి చట్టం ఉంది. వీళ్ళ దగ్గర నా బిల్లుకి నూట ముప్పై రోజులు దాటాయి. ఫోన్ చేసిన ప్రతిసారీ ఒకటే పాట, "సిస్టమ్‌లో ఉంది సార్." ఆ సిస్టమ్ ఏ ఊళ్ళో ఉందో చెబితే బస్సెక్కి వెళ్తాను. కూలీలకి శనివారం సిస్టమ్‌లో ఉందని చెప్పగలనా నేను?

ఇంతా చేసి, వాసనొచ్చిన ఆ ప్యాడ్లే మూడు "టెస్టింగ్‌కి" అంటూ కారులో వేసుకుని పోయారు. వాటికీ బిల్లు కొట్టి పంపాను. అదీ ఇప్పుడు సిస్టమ్‌లో ఉంటుంది.