ఈ కోలై గారికి, నిన్నటి మధ్యాహ్నం గురించి

మహారాజశ్రీ ఈ కోలై గారికి,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అనడానికి లేదు. మీరు క్షేమం, నేను కాదు.

బాక్టీరియా అయిన మీ చేత చేయిస్తున్న మా ప్రోటీన్ 37 డిగ్రీల దగ్గర ముద్ద కట్టేస్తోంది, చల్లగా ఉంటే కుదురుగా మడత పడుతుందేమోనని ఒంటిగంటకి మిమ్మల్ని 10 డిగ్రీలకి దించి, మా జన్యువుని పనిలోకి దింపే ఐపీటీజీ అనే మందు పోశాను. ఇక అరగంటకోసారి క్యూవెట్ అనే కొలత పాత్ర తుడవడం, ఓడీ చూడటం, అంటే ద్రవం ఎంత మబ్బుగా మారిందో, మీరెంత పెరిగారో చెప్పే అంకె. 0.61. మళ్లీ 0.61. 0.63 రాగానే ఎగిరి గంతేశాను. తీరా చూస్తే క్యూవెట్ మీద నా వేలిముద్ర.

37 నుంచి 10కి దించితే తమరు నాలుగు గంటలు పెరగడం మానేస్తారని 1987లోనే అచ్చయిందట. చదవకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను.

పోనీ పడుకున్నారా అంటే అదీ లేదు! సీఎస్‌పీఏ అని, 70 అమినో ఆమ్లాల బుడత ప్రోటీన్. దాన్ని మాత్రం కుప్పలుతెప్పలుగా చేసుకున్నారు. చలిలో మీరు కొత్తగా చేసే ప్రోటీన్లలో వందకి 13 వంతుల దాకా అదేనట. దాని ఎంఆర్‌ఎన్‌ఏ, అంటే ప్రోటీన్ ఎలా చేయాలో జన్యువు రాసిచ్చే కాగితం, 37 దగ్గర పన్నెండు సెకన్లకే సగం మాయమయ్యేది, చలి తగిలితే ఇరవై నిమిషాలు దాటినా కదలదు. మా ఎంఆర్‌ఎన్‌ఏ మాత్రం చిక్కుపడ్డ దారంలా, ప్రోటీన్లు చేసే రైబోజోమ్ గుమ్మం ముందు పడిగాపులు. ఇంటివాళ్ల కాగితానికి వెంటనే ముద్ర, మాకు రేపు రండి. ఇది కణమా, కచేరీనా?

ఒళ్లు కదలక కాదు సుమా. పైపొర బిగుసుకుపోకుండా వంకర ఫ్యాటీ ఆమ్లాలు పెంచే పని అర నిమిషంలో మొదలెట్టారు, ఎంజైమ్ ముందే సిద్ధం! ఆ లిస్టీరియా అనే బాక్టీరియాని చూసైనా సిగ్గుపడండి, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర కూడా సంసారం చేస్తుంది.

ఇరవై నిమిషాలకోసారి రెండయ్యేదానివి కదే నువ్వు! మధ్యాహ్నమంతా ఒక్కసారి రెండు కాలేకపోయావా? నా ఐపీటీజీ ఏమైనా ఊరికే వచ్చిందా?

సరేలే. ఆ సీఎస్‌పీఏ చేసేది చిక్కులు విప్పడమేనని తెలుసు. కణానికి ఇంధనమైన ఏటీపీ కూడా అడగకుండా విప్పుతుంది, ఆ మాట నిజం. రాత్రి తొమ్మిదికి 0.65. రెండుసార్లు తుడిచి మరీ చూశాను.

వచ్చే వారం మా జన్యువుని నీ సీఎస్‌పీఏ ప్రమోటర్ వెనకాలే, అంటే దాన్ని నడిపించే స్విచ్ వెనకాలే, తగిలిస్తున్నాను. ఇంటివాళ్ల కాగితం అనుకుని ముద్ర వేసెయ్.

ఇట్లు,
షేకర్ పక్కన స్వెటర్‌లో నిలబడ్డ మనిషి