శ్రీ ఎడమ బటన్ గారికి, నల్లగొండ నుంచి

మహారాజశ్రీ గేమింగ్ మౌస్ ఎడమ బటన్ గారి సముఖమునకు,

ప్రకాశం బజార్ల ఫ్లెక్సీలు, పెండ్లి కార్డులు డిజైన్ జేసుకొని బతికేటోడు శతకోటి దండాలతోని రాసుకున్న అర్జీ.

ఒక్కటి నొక్కితే రెండు పలుకుతున్నరని మొన్న శనివారం తమర్ని సంచిల వెట్టుకొని, నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదికెళ్లి బస్సుల హైదరాబాద్ సర్వీస్ సెంటర్‌కు తీసుకపోయిన. టోకెన్ వట్టుకొని మూడు గంటలు కూసున్న. ఆడి పిలగాడు తమర్ని కంప్యూటర్‌కు తగిలించి పదిసార్లు నొక్కిండు. పదిసార్లూ బుద్ధిమంతుల లెక్క ఒక్కటే పలికిన్రు. "మంచిగనే ఉంది కదన్నా" అని నన్ను ఎగాదిగా జూసిండు. ఊర్లె కనవడ్డోన్నల్లా పొడిచే కోడె అంగడికి పోంగనే తలకాయ వంచుకొని నిలవడ్డట్టు.

రాత్రి ఇంటికొచ్చి తగిలిస్తే మొదటి నొక్కుకే రెండు పలికిన్రు.

నేను ఆటలాడేటోన్ని గాను. పేకాట గూడ రాదు. మరి గేమింగ్ మౌస్ ఎందుకు కొన్ననంటే, డబ్బ మీద "5 కోట్ల క్లిక్కులు" అని అచ్చేసి ఉన్నందుకు. కాయితం మీద లెక్క గట్టిన. రోజుకు 5,000 నొక్కినా 10,000 రోజులొస్తది. అంటే 27 ఏండ్లు. పంపకాల నాడు పెద్దోనికి మౌస్, చిన్నోనికి ప్రింటర్ రాసియ్యొచ్చు అనుకున్న. తమరు 14 నెలలకే చేతులెత్తేసిన్రు. నా లెక్కల అయ్యి 21 లక్షలు. మిగిలిన 4 కోట్ల 79 లక్షలు ఎవరు నొక్కేసిన్రు సారూ?

మిగతా అవయవాల మీద నాకంత పగ లేదు. 16,000 డీపీఐ అట, అంటే అంగుళానికి బాణం దాటే చుక్కల లెక్క. చెయ్యి అంగుళం కదిపితే బాణం నా తెర అసొంటియి ఎనిమిది దాటిపోతది, అంతదూరం నాకేం పనుంది? పక్కల రబ్బరు ఎండకాలం బెల్లంపాకం అయితది. బొటనవేలు కాడి రెండు బటన్లు పాలపండ్ల లెక్క ఊగుతయి. కంప్యూటర్ బందువెట్టినా రంగులైట్లు తెల్లారేదాంక జాతర చేస్తయి. పోనీ, చెయ్యనీ.

గడియారం సెంటర్ కాడ సెల్‌ఫోన్లు బాగుజేసే తమ్ముడు తమరి జాతకం చెప్పిండు. లోపట గోరంత స్విచ్చు, దాంట్ల సన్నటి రాగి రేకు. నొక్కినప్పుడల్లా అది తగిలి, కండ్లకు కనవడనంత ఎగిరి, మల్ల తగుల్తదట. కొత్తల ఆ ఎగురుడును మౌస్ లెక్క జెయ్యదు. రేకు అరిగి, చిలుము వట్టినంక ఎగురుడు ఎక్కువైతది, ఒక్కటి నొక్కితే రెండనుకుంటది. లోహం తగిలే పనే లేకుండ, కనవడని వెలుగును అడ్డుకొని క్లిక్కు పలికిచ్చే స్విచ్చులు గూడ ఉన్నయట, వాటికి ఈ రోగం రాదట. "అది కొనాలన్నా" అన్నడు. ఇప్పుడా చెప్పేది?

చిలుము వట్టిందంటే పట్టింది, ఎవరికి పట్టదు? కాని లాగేటప్పుడు మధ్యల ఇడిసిపెట్టుడేంది? మండల లీడర్ పుట్టినరోజు ఫ్లెక్సీ జేస్తున్న. కింద వరుసల ఉండాల్సిన చిన్న లీడర్ ఫోటోను పట్టి లాగుతుంటే నడుమ నువ్వు చెయ్యి ఇడిసినవ్. పిలగాడు పోయి పెద్దాయన మీసాల మీద కూసున్నడు. నేను జూడలే. పది బై ఎనిమిది ఫ్లెక్సీ అచ్చయి, కట్టెలకు ఎక్కినంక ఫోన్లు మొదలైనయి. మళ్ల అచ్చేసిన పైసలు ఎవరి జేబుల నుంచి పోయినయి? నీకు జేబుందా? సిగ్గన్నా ఉందా? ఆ లీడర్ ఇప్పటికీ బజార్ల కనవడితే మీసం దువ్వి మరీ పోతుండు!

ఇసిరికొడ్దామని రెండుసార్లు చెయ్యి లేపిన. పాడు చెయ్యికి నీ వీపు మస్తు అలవాటైంది, కుండకు కుదురు లెక్క సరిగ్గ కూసుంటది. అందుకే తమ్ముడు కొత్త స్విచ్చు తెప్పిచ్చి అతికేదాంక సెట్టింగులల్ల ఎడమను కుడి, కుడిని ఎడమ జేసిన. నీ కొలువు ఇప్పుడు పక్కన ఉన్న మీ తమ్ముడు చేస్తుండు. పొద్దటిసంది ఒక్కటి నొక్కితే ఒక్కటే పలుకుతుండు. నీకు మెనూ తెరిచే పని ఇచ్చిన. రెండుసార్లు తెరువు, పదిసార్లు తెరువు, నాకేంది.

ఇట్లు,
మూతి మీద మీసం లేని మీ యజమాని