ట్రైనింగ్ అయిపోయిందన్నారు, సరే

మా కంపెనీలో కొత్త లారీ డ్రైవర్ల ట్రైనింగ్ అయిపోయింది, అందులో నేనూ ఒకణ్ని. గ్రూపు ఫొటో తీశారు, ఐడీ కార్డు మెళ్లో వేశారు, "ఇక బండి నీది, బాధ్యత నీది" అంటూ మేనేజరు గారు చెయ్యి కలిపారు. స్టేటస్ పెట్టగానే చుట్టాలూ స్నేహితులూ తెగ మెచ్చుకున్నారు. అందరికీ దండాలు. కానీ ఆ ఫొటో చూసి "ఇంకేంట్రా, ఫుల్ డ్రైవరువి అయిపోయావ్" అన్నవాళ్లకి ఒక మాట చెప్పాలి. అయ్యానని కంపెనీ అంటోంది, నేను అనట్లేదు. కంపెనీ పేరు మాత్రం అడగొద్దు, నాకు ఈ ఉద్యోగం కావాలి. అయినా ఇది ఒక్క కంపెనీ గొడవ కాదు, నేషనల్ పర్మిట్ మీద, అంటే రాష్ట్రాలు దాటి తిరిగే బండ్లన్నిటి గొడవ.

అసలేం నేర్పలేదని అంటే కళ్లు పోతాయి. బాగానే నేర్పారు. పొద్దున్నే బండి చుట్టూ తిరిగి చూడటం దగ్గర మొదలుపెట్టారు. వీల్ నట్లు వదులయ్యాయా, జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుందా, వెనక రిఫ్లెక్టర్ టేపు ఉందా ఊడిందా, గాలి ట్యాంకుల్లో చేరిన నీళ్లు వదిలావా. ఎయిర్ మీటరు చూడకుండా బండి కదిపితే మా ట్రైనరు బాబాయ్ కిందకి దింపేసేవాడు. 2020 నుంచి పొగ కాలుష్యం తగ్గించే బీఎస్6 బండ్లు వచ్చాక, పొగని శుభ్రం చేసే యాడ్‌బ్లూ ద్రవం పోసే పని ఒకటి తోడైంది కదా, మనవాళ్లంతా యూరియా అంటారు. అది అయిపోతే ఇంజిను ఎలా నీరసించిపోతుందో, పొగలో మసి పట్టే ఫిల్టరుది, అదే డీపీఎఫ్ లైటు వెలిగితే బండి ఎక్కడ ఆపి ఏం చెయ్యాలో చూపించారు. పాత బండ్ల మీద ముప్పై ఏళ్లు తిరిగినవాళ్లు కూడా ఈ లైట్లు చూసి కంగారుపడుతున్నారు, కాబట్టి ఈ క్లాసు కావాల్సిందే.

అన్నిట్లోకీ గొప్ప క్లాసు న్యూట్రల్ గురించి. డౌన్ వచ్చిందంటే న్యూట్రల్ కొట్టి బండి వదిలెయ్యడం మన రోడ్ల మీద తరతరాల అలవాటు. కొందరు మహానుభావులు ఏకంగా ఇంజిన్ ఆపేస్తారు. డీజిల్ మిగులుతుందట. బాబాయ్ బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. ఇంజిన్ ఆగితే బ్రేకులకి గాలి నింపే కంప్రెసరు ఆగుతుంది, కంప్రెసరు ఆగితే బ్రేకు తొక్కిన ప్రతిసారీ పోయే గాలి మళ్లీ నిండదు, పవర్ స్టీరింగు రాయిలా బిగుసుకుంటుంది. గేర్లో లేని బండికి ఇంజిన్ పట్టు ఉండదు, పొగగొట్టం మూసి ఇంజిన్‌తోనే వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు పనిచెయ్యదు, భారమంతా బ్రేకు లైనర్ల మీదే. అవి వేడెక్కి కాలిన వాసన వచ్చేసరికే ఆలస్యం అయిపోయి ఉంటుంది. పైగా ఇప్పటి ఇంజిన్లలో గేర్లో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే ఇంజెక్టర్లు డీజిల్ కొట్టడమే మానేస్తాయి. న్యూట్రల్‌లోనే ఐడ్లింగుకి కాస్త తాగుతుంది. అంటే ప్రాణం పణంగా పెట్టి మిగిల్చేది సున్నా. పుణెలో కాత్రజ్ కొత్త టన్నెల్ దాటాక నవలే బ్రిడ్జి దాకా దిగే వాలు ఉంది చూడండి, 2022 నవంబరులో అక్కడ ఒక్క బండి అదుపు తప్పి పదుల కార్లని తుక్కు చేసింది. ఆ వాలు పేరు చెప్తే బెంగళూరు, ముంబై లైన్లో తిరిగే ఏ డ్రైవరైనా ఓసారి తలాడిస్తాడు.

ఇంత బాగా చెప్పారా, ఆఖరి రోజు ఆఫీసులో జీతం కాగితం చేతికిచ్చారు. అందులో మైలేజ్ బోనస్ అని ఒక లైను ఉంది. లీటరుకి ఇన్ని కిలోమీటర్లు దాటిస్తే ఇంత. తగ్గితే బత్తాలో కోత. కొత్త కుర్రాడు ఎవరి మాట వింటాడు చెప్పండి, బోర్డు మీద బొమ్మదా, జీతం కాగితానిదా? బండి గేర్లో దిగిందా న్యూట్రల్‌లో దిగిందా అని అడిగే లైను ఆ కాగితంలో ఎక్కడా లేదు.

సరే, అసలు విషయానికి వస్తా. మన దగ్గర లారీ డ్రైవింగుకి ఒకప్పుడు స్కూలు ఉండేది. దాని పేరు క్లీనరు సీటు. సూర్యాపేట, కోదాడ, చిలకలూరిపేట, విజయవాడ ఆటోనగర్, ఎక్కడి పాత డ్రైవరునైనా కదపండి, నూటికి తొంభై మంది అక్కడి నుంచి వచ్చినవాళ్లే. బండి కడగడం, పట్టా కప్పడం, తాడు బిగించడం, రాత్రిపూట రివర్సులో "రానీ, రానీ, ఆగాగు" అని వెనక చెయ్యి కొట్టడం. స్టీరింగు ముట్టుకోకుండానే ఏ ఘాట్ రోడ్డు ఏ గేర్లో దిగాలో, ఏ ఢాబాలో ఆపితే డీజిల్ మూత భద్రంగా ఉంటుందో, ఏ ఊరి కాటా నమ్మొచ్చో చెవులకీ కళ్లకీ ఎక్కిపోయేది. తర్వాత ఏదో ఒక తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద గురువు పక్కకి జరిగి "పట్టుకోరా" అనేవాడు.

ఆ పద్ధతికి హారతి పట్టమని నేనేమీ అనట్లేదు. పద్నాలుగేళ్ల పిల్లల్ని బడి మాన్పించి తెచ్చిన పద్ధతి అది. జీతం లేదు, తిండి పెడితే పెట్టినట్టు, తిట్లూ దెబ్బలూ మామూలు. గురువుకి ఉన్న దురలవాట్లన్నీ శిష్యుడికి ఉచితం, న్యూట్రల్ కొట్టడంతో సహా. అది పోవాల్సిందే. కానీ దాంతోపాటు పక్క సీట్లో ఇంకో మనిషి ఉండటం అనేది కూడా పోయింది. అక్కడే నా బాధంతా.

ఎలా పోయిందో కూడా తెలుసుకోండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 90వ నిబంధన అని ఒకటుంది. నేషనల్ పర్మిట్ మీద తిరిగే పెద్ద బండికి కనీసం ఇద్దరు డ్రైవర్లు ఉండాలి, రెండోవాడు కాళ్లు చాపుకుని పడుకోడానికి వెనకాల పూర్తి పొడుగు సీటు ఉండాలి అని అందులో రాసుండేది. అందరూ పాటించారా అంటే నవ్వొస్తుంది, చాలామంది క్లీనరునే రెండో డ్రైవరుగా చూపించి దాటించేసేవాళ్లు. అయినా రాసుండేది. 2018లో దాన్ని తీసేశారు. ఒక్క డ్రైవరు చాలన్నారు. అదే ఏడాది యాక్సిల్ లోడు, అంటే ఇరుసుల మీద మొయ్యనిచ్చే బరువు పెంచారు, పది టైర్ల బండి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకి వెళ్లింది. బరువు పెరిగింది, మనిషి తగ్గాడు. రెండూ ఒకే ఏడాది.

యజమానులు సంబరపడ్డారు. వాళ్ల లెక్క వాళ్లది, నాకు తెలుసు. డీజిలు, టోలు, ఇన్సూరెన్సు, ఫైనాన్సు కంతు, బేరాలాడి తగ్గించే కిరాయిలు. ఒకట్రెండు బండ్లున్న చిన్న ఓనరుకి రెండో మనిషి బత్తా అంటే నిజంగానే భారం. కానీ వందల బండ్లున్న కంపెనీలు కూడా అదే పాట పాడుతుంటే ఒళ్లు మండుతుంది. ఏ మీటింగులో చూసినా "డ్రైవర్లు దొరకట్లేదు, దేశంలో డ్రైవర్ల కరువు" అంటారు. డ్రైవరు తయారయ్యే సీటుని మీరే ఖాళీ చేసి, ఇప్పుడు దొరకట్లేదంటే ఎక్కడి నుంచి ఊడిపడతారు?

దానికి బదులుగా ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని కాదు. 2021లో అక్రెడిటెడ్ డ్రైవర్ ట్రైనింగ్ సెంటర్ల నిబంధనలు తెచ్చారు, హెవీ వెహికల్‌కి ఆరు వారాల్లో 38 గంటల కోర్సు. సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో, ప్రకాశం జిల్లా దర్శిలో మంచి శిక్షణ సంస్థలు పెట్టారు. ట్రాకులు, సిమ్యులేటర్లు, అన్నీ ఉన్నాయి. మా కంపెనీ ట్రైనింగ్ కూడా దాదాపు ఆ పద్ధతే. కానీ ట్రాకు మీద రాత్రి మూడు గంటలు అవ్వదు. సిమ్యులేటరు ముందు కూర్చున్నవాడికి వెనక ముప్పై టన్నుల బరువూ, కళ్ల మీద నిద్రా ఉండవు. అన్‌లోడింగు దగ్గర రెండు రోజులు ఎండలో ఆపేసి, ఖాళీ అయిన గంటకే "అర్జెంటు లోడు, రేపు పొద్దుటికి చేరాలి" అని వచ్చే ఫోనుకి ఎలా జవాబు చెప్పాలో ఏ సిలబస్‌లోనూ లేదు. నిద్ర ముంచుకొచ్చినప్పుడు ఎంత పెద్ద డ్రైవరైనా మోసపోతాడు. అరవై స్పీడులో మూడు సెకన్లు కన్ను మూస్తే బండి యాభై మీటర్లు దానంతటదే పోతుంది. మా క్లాసులో దీనికి ఒక్క స్లైడు వేశారు, "అలసటగా ఉంటే వాహనం నడపరాదు" అని. నడపకపోతే ఏమవుతుందో ఆ స్లైడులో లేదు. జీపీఎస్ చూసే ఆఫీసు కుర్రాడు పావుగంటకో ఫోను కొడతాడు, అదీ అవుతుంది.

చట్టం ఏమందో చూస్తే ఇంకా నవ్వొస్తుంది. 2025 నవంబరు దాకా ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం మామూలుగా రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అంది. ఐదు గంటలు నడిపాక కనీసం అరగంట ఆగాలంది. మా నాన్న కూడా పుట్టని రోజుల్లోనే రాసిన మాట ఇది. ఇంకో తమాషా ఉంది. సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ కాగితం, ఈ-వే బిల్లు లెక్కలో సరుకుకి రోజుకి 200 కిలోమీటర్లు ఇస్తుంది ప్రభుత్వం. అంటే విజయవాడ నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్లున్న, ముంబై పక్కనున్న భీవండీకి కాగితానికి ఐదు రోజుల గడువు. డ్రైవరుకి కంపెనీ ఇచ్చేది రెండు రాత్రులు. కాగితానికున్న తీరిక మనిషికి లేదు.

అమెరికాలో తిరిగే పంజాబీ డ్రైవర్ల వీడియోలు చూస్తుంటా. అక్కడ రోజుకి 11 గంటలకి మించి నడపకూడదు, 2017 డిసెంబరు నుంచి బండ్లలో పెట్టిన ఎలక్ట్రానిక్ పెట్టె ఆ లెక్క రాస్తుంది. పెద్ద కంపెనీల్లో కొత్తవాణ్ని లైసెన్సు రాగానే వదిలెయ్యరు, కొన్ని వారాలు ట్రైనరు పక్కన కూర్చుని అసలు లోడ్లే తిప్పిస్తాడు. అక్కడా స్వర్గమేం కాదు, ట్రైనింగ్ డబ్బు తిరిగి కట్టమని మెడ మీద కూర్చునే ఒప్పందాల గురించి వాళ్లూ ఏడుస్తూనే ఉంటారు. కానీ పక్క సీట్లో మనిషి ఉంటాడు.

మన దగ్గర ఆ మనిషి బదులు కెమెరా పెట్టారు. డాష్‌బోర్డు మీద నా మొహం వైపు తిప్పి ఉంటుంది. ఆవలిస్తే కూస్తుంది, ఫోను ఎత్తితే కూస్తుంది, ఎదురెండకి కళ్లు చికిలిస్తే కూడా కూస్తుంది. అది కూసినప్పుడు నేను స్టీరింగు ఎవరికివ్వాలి? పాతకాలంలో క్లీనరు కూసేవాడు, "అన్నా, ఆపు, టీ తాగుదాం" అని. ఆపితే పద్దులో రాసుకునేవాడు కాదు.

ఒక్క మంచి మార్పు ఒప్పుకోవాలి, 2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మే నెలలో ఇంజిన్ సెగ పక్కన కూర్చున్నవాడికి తెలుస్తుంది దాని విలువ. లారీ డ్రైవరంటే పిల్లనివ్వని ఊళ్లలో ఏసీ క్యాబిన్ ఫొటో పెడితే ఏమైనా మారుతుందేమో మా పెదనాన్న ప్రయత్నించి చూస్తానంటున్నాడు, అది వేరే సంగతి.

నేనడిగేది పెద్దదేం కాదు. పెద్ద కంపెనీలు లైసెన్సున్న కొత్త డ్రైవర్ని మొదటి ఏడాది రెండో డ్రైవరుగా పంపండి. జీతం ఇచ్చి, పేరు రాసి, ఇరవై ఏళ్లు నిండినవాణ్నే. పాత డ్రైవరుకి నేర్పినందుకు ఇంత అని విడిగా ఇవ్వండి, అప్పుడు వాడూ విసుక్కోడు. మైలేజ్ బోనస్ తీసేసి, బ్రేకు లైనర్లు ఎన్నాళ్లు మన్నాయో చూసి బోనస్ ఇవ్వండి. బండి అన్‌లోడింగు దగ్గర ఆగిన గంటల్ని డ్రైవరు విశ్రాంతి కింద రాయకండి, లైన్లో నిలబడ్డవాడు పడుకున్నట్టు కాదు. 90వ నిబంధన మళ్లీ తెస్తారా లేదా అన్నది ఢిల్లీ వాళ్ల చేతిలో ఉంది, మీ పక్క సీటు మీ చేతిలోనే ఉందిగా.

"ఇన్ని తెలిసినవాడివి ఎందుకు చేరావ్ మరి" అని ఎవరో అడుగుతారని తెలుసు. నాకు బండి నడపడం ఇష్టం. ఇంతకుముందు చిన్న బండి మీద కూరగాయలు తోలాను, పెద్ద స్టీరింగు పట్టుకోవాలని ఎప్పట్నుంచో ఉంది. ఇష్టం ఉంది కాబట్టే ఇంత పొడుగు రాస్తున్నా, లేనివాడు మాట్లాడకుండా మానేసి వెళ్లి డెలివరీ యాప్‌లో చేరతాడు. మా బ్యాచిలో కొందరు ఆ పనే చేశారు.

నా మొదటి లోడు భీవండీకే పడింది. హైదరాబాద్, జహీరాబాద్, హుమ్నాబాద్, షోలాపూర్, పుణె మీదుగా. ఈ లైన్లో తిరిగిన పాత డ్రైవర్లు ఎవరైనా ఇది చదువుతుంటే రెండు విషయాలు చెప్పండి. ఉమర్గా దాటాక రాత్రి బండి ఆపుకుని నాలుగు గంటలు నిద్రపోడానికి, డీజిల్ దొంగల భయం లేని చోటు ఏది? ఖండాలా ఘాటు పూర్తి లోడుతో ఏ గేర్లో దిగుతారు? ఫోను చేస్తామంటే ఇన్‌బాక్సులో నంబరు ఇస్తా, ఎంతసేపైనా వింటా.