తొలి సంతకానికి ముందే వకీలు

కేసులో ఇరుక్కున్న మనిషికి వకీలు ఎప్పుడు కావాలి అని అడిగితే, రాయగడలోనైనా పర్లాకిమిడిలోనైనా మన తెలుగు కుటుంబాలు సాధారణంగా చెప్పే జవాబు ఒకటే: బెయిలు వేయడానికి. ఆ జవాబు వల్లే ఎందరో నష్టపోతున్నారని మేము నమ్ముతున్నాము. బెయిలు దరఖాస్తు కోర్టులో పడేనాటికి అరెస్టు అయిపోతుంది, సోదా అయిపోతుంది, పంచనామా రాయడం పూర్తవుతుంది, నిందితుడు ఏవో కాగితాల మీద సంతకమో వేలిముద్రో పెట్టేసి ఉంటాడు. తర్వాత ఎన్నేళ్లకో జరిగే విచారణలో అతని తరఫున చెప్పగలిగింది ఎంత, చెప్పలేనిది ఎంత అన్నది చాలావరకు ఆ మొదటి 24 గంటల్లోనే తేలిపోతుంది.

ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఈ నష్టం రెట్టింపు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊళ్లు. ఇక్కడి తెలుగువారు ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడుతూ తరాలుగా బతుకుతున్నారు. కాని ఒడియా ధారాళంగా మాట్లాడేవారిలోనూ అది చదవలేనివారు ఎందరో ఉన్నారు. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి పనికి వచ్చే మేస్త్రీలకు, లారీ డ్రైవర్లకు ఆ మాట కూడా అంతంత మాత్రమే. ఇటువంటివారి ముందు స్టేషనులో పెట్టే కాగితం ఒడియాలో ఉంటుంది. అందులో ఏముందో ఎవరో నోటితో చెబితే విని, నమ్మి, సంతకం పెట్టడమే వారికి తెలిసిన మార్గం.

చట్టం ఇందుకు ఒప్పుకోదు. అరెస్టుకు కారణం తెలుసుకునే హక్కు, తనకు నచ్చిన వకీలును సంప్రదించే హక్కు రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉన్నాయి. మిహిర్ రాజేశ్ షా కేసులో 2025 నవంబరులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా స్పష్టం చేసింది. ఏ చట్టం కింద అరెస్టు చేసినా కారణాలను రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలనీ, వెంటనే వీలుకాని పరిస్థితిలో ముందు నోటితో చెప్పినా, రిమాండు కోసం మేజిస్ట్రేటు ముందు నిలబెట్టడానికి కనీసం రెండు గంటల ముందు ఆ కాగితం అతని చేతిలో ఉండాలనీ, అలా జరగకపోతే అరెస్టూ రిమాండూ రెండూ చెల్లవనీ తీర్పు చెప్పింది. అంటే గుణుపురంలో పట్టుబడిన తెలుగు కూలీకి తెలుగు కాగితం ఇవ్వడం పోలీసుల దయ కాదు, వారి విధి. ఈ సంగతి తెలిసిన వకీలు ఆ పూట పక్కన లేకపోతే అడిగేవారెవరు?

మన ప్రాంతంలో తరచుగా పడే కేసులను చూస్తే వకీలు అవసరం ఎంత ముందుగా మొదలవుతుందో తెలుస్తుంది. గట్టు తగాదాలోనో పండగనాటి కొట్లాటలోనో దెబ్బలు తగిలితే, అది మామూలు గాయమైనప్పుడు 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 115వ సెక్షన్ కింద శిక్ష ఏడాదికి మించదు, స్టేషనులోనే బెయిలు దొరుకుతుంది. అదే దెబ్బకు ఒక పన్ను విరిగినా, ఎముక చిట్లినా, బాధితుడు 15 రోజులు తన పనులు చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయమై ఏడేళ్ల దాకా శిక్ష పడగల నేరమవుతుంది. ఈ తేడా అంతా ఆసుపత్రి సర్టిఫికెట్‌లోని ఒకటి రెండు మాటల మీద ఆధారపడి ఉంటుంది. దొంగతనం, మోసం కేసులు సరేసరి. కమీషన్‌కు ఆశపడి బ్యాంకు ఖాతానూ సిమ్ కార్డునూ ఇంకొకరికి వాడుకోనిచ్చి, సైబర్ మోసాల కేసులో ముద్దాయిలుగా తేలే కుర్రాళ్లు ఈ మధ్య తయారయ్యారు. ఇటువంటి చాలా నేరాలకు శిక్ష ఏడేళ్లకు మించదు కనుక, అర్నేశ్ కుమార్ కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పినట్టు, అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు రాసి చూపాలి, అవసరం లేకపోతే నోటీసు ఇచ్చి పిలిపించాలి. నోటీసు అందుకున్న మనిషి భయపడి ఊరు విడిచిపోతే ఆ రక్షణను తానే పోగొట్టుకుంటాడు. వకీలును వెంటబెట్టుకుని హాజరైతే అది నిలుస్తుంది.

గంజాయి కేసుల దారి వేరు, వాటి గురించి కొంత వివరంగా చెప్పక తప్పదు. కొరాపుట్, మల్కన్‌గిరి కొండల్లో పండే సరుకు ఆంధ్ర మీదుగా ఎక్కడెక్కడికో పోతుంది. పండించినవాడికి పెట్టుబడి పెట్టినవాడు, ఆవలి నగరంలో అమ్ముకునేవాడు సామాన్యంగా దొరకరు. దొరికేది డ్రైవరు, క్లీనరు, మూట మోసిన కూలీ. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద గంజాయి కిలో లోపల ఉంటే శిక్ష ఏడాది దాకా, ఆపైన 20 కిలోల లోపు ఉంటే పదేళ్ల దాకా. 20 కిలోలు దాటితే పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల దాకా జైలు, లక్షకు తగ్గని జరిమానా. ఆ స్థాయిలో 37వ సెక్షన్ అడ్డుపడి బెయిలు దాదాపు అసాధ్యమవుతుంది, దర్యాప్తు గడువు కూడా 180 రోజులు. కనుక 19 కిలోలకూ 21 కిలోలకూ మధ్య ఒక మనిషి యౌవనమంతా ఉంటుంది.

అంత పెద్ద తేడాకు ఆధారమైన తూకం ఎలా వేశారు? చట్టం నిర్వచనం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ కొనలు. కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు అందులోకి రావు. మొత్తం మూటను కాటా మీద పెట్టి చూసిన బరువును అలాగే రాసేస్తే ప్రశ్నించవలసినవాడు వకీలే. నమూనాలు 52ఎ సెక్షన్ చెప్పినట్టు మేజిస్ట్రేటు ఎదుట తీశారా, ఒంటిమీద సోదా చేసేముందు గెజిటెడ్ అధికారి ఎదుటో మేజిస్ట్రేటు ఎదుటో సోదా కోరే హక్కు ఉందని 50వ సెక్షన్ ప్రకారం చెప్పారా, చెబితే ఏ భాషలో చెప్పారు? చేతిసంచీ సోదాకూ వాహనం సోదాకూ ఆ 50వ సెక్షన్ వర్తించదన్న సంగతి తెలియక, దాని మీదే ఆశ పెట్టుకుని కేసు నడిపితే నష్టపోయేది నిందితుడే. ఈ చట్టం కింద అధికారులకు ఇచ్చిన నేరాంగీకార వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లదని తూఫాన్ సింగ్ కేసులో 2020లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అయినా అటువంటి సంతకం ఒకసారి పెట్టానన్న దిగులుతో, ఇక చేసేదేమీ లేదనుకుని వకీలు మాటే ఎత్తని కుటుంబాలు ఉంటాయి. వారికి ఈ తీర్పు గురించి ఎవరో ఒకరు చెప్పాలి.

నేరస్థులను కాపాడటానికి ఇంత తాపత్రయం ఎందుకని అడిగేవారు ఉంటారు. గంజాయి వల్ల పాడైన పిల్లల తల్లిదండ్రులు అడిగితే ఆ బాధ మాకు అర్థమవుతుంది. కాని సరైన వాదన లేకుండా పడిన శిక్ష పైకోర్టులో నిలవదు. 1986లో సుక్ దాస్ కేసులో జరిగింది అదే: వకీలు పెట్టుకునే స్తోమత లేని నిందితుడికి ఉచిత సహాయం సంగతి చెప్పకుండానే విచారణ ముగించినందుకు సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. అతను అడగలేదన్న సాకు చెల్లదని కూడా చెప్పింది. పకడ్బందీగా వాదన జరిగిన కేసులో పడే శిక్షే బాధితుడికైనా నమ్మదగినది.

బెయిలు వచ్చిన తర్వాత కూడా సరిహద్దు మనిషికి ఇంకో గోడ అడ్డం వస్తుంది. బంధువులంతా పాలకొండలోనో సాలూరులోనో ఉంటారు, కోర్టు స్థానిక జామీనుదారులను అడుగుతుంది. మోతీరాం అనే పేద మేస్త్రీ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కృష్ణయ్యర్ 1978లోనే దీన్ని తప్పుపట్టారు. మోతీరాం సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు ఆ జామీనును తోసిపుచ్చితే, దూర ప్రాంతంలో అరెస్టయిన ఆంధ్రుడో మలయాళీయో అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారులను ఎక్కడి నుంచి తెస్తాడని ఆయన నిలదీశారు. స్థానిక జామీను షరతు వల్ల విడుదల ఆలస్యమవుతుంటే ఆ షరతు పెట్టవద్దని 2023లో సుప్రీంకోర్టు మళ్లీ సూచించింది. ఈ రెండింటినీ దరఖాస్తులో ఉటంకించడానికి పెద్ద వకీలు అక్కరలేదు, శ్రద్ధ ఉన్న వకీలు చాలు.

డబ్బు లేదన్నది కూడా అడ్డంకి కారాదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న ఏ మనిషికైనా ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు; స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి కస్టడీ లేకపోయినా ఆ హక్కు ఉంది. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. పోలీసులు ప్రశ్నించేటప్పుడు మౌనంగా ఉండే హక్కును, వకీలును పిలిపించుకునే హక్కును గట్టిగా నిలబెట్టిన 1978 నాటి తీర్పు కటక్ పోలీసు స్టేషనుకు పిలిపించిన ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పతీ కేసులోనే వచ్చింది. ముఖ్యమంత్రిగా చేసిన మనిషికే అవసరమైన రక్షణ ఇటుకబట్టీ కూలీకి ఎంత అవసరమో వేరే చెప్పాలా?

కనుక గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల న్యాయసేవా సంస్థలను మేము కోరేది ఇది. ఉచిత న్యాయవాదుల జాబితాలో తెలుగు చదవడం, రాయడం వచ్చినవారిని ప్రతి కోర్టు పరిధిలో చేర్చాలి. రాత్రిపూట స్టేషనుకు వెళ్లగలిగేవారి ఫోను నంబర్లను స్టేషను గోడ మీద ఒడియాతో పాటు తెలుగులోనూ రాయించాలి. అరెస్టు కారణాలు తెలిపే పత్రం తెలుగు నమూనాను జిల్లా పోలీసు కార్యాలయాలు ముందే అచ్చువేసి ఉంచుకోవాలి. ఉగాదికీ సంక్రాంతికీ సభలు జరిపే మన తెలుగు సంఘాలు తమ సభ్యుల్లో ఒడియా చదవగలిగిన ఇద్దరు ముగ్గురిని, కబురు అందిన గంటలో స్టేషనుకు వెళ్లి కాగితం చదివి చెప్పేందుకు సిద్ధంగా ఉంచాలి. ఈ ఏర్పాట్లలో దేనికీ కొత్త చట్టం అక్కరలేదు, పెద్ద ఖర్చూ లేదు. వచ్చే లోక్ అదాలత్ నాటికే వీటిని మొదలుపెట్టవచ్చు.