అత్తరు బుడ్డీ, 12 గంపలూ

(శ్రీకాకుళం దగ్గర నాగావళి ఒడ్డున ఒక పల్లె. ఆదివారం ఆరాధన అయింది. ఈసారి క్రిస్మస్‌కి థర్మాకోలు, ఫ్లెక్సీలు, ప్లాస్టిక్ పళ్లేలు వద్దని సండే స్కూలు టీచరమ్మ సంఘం ముందు పెట్టింది. ఆమె మేనమామే సంఘ పెద్ద. మొదటి అభ్యంతరం ఆయనదే.)

మావయ్య: అమ్మీ, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఏడాదంతా కూలికెళ్లి, డిసెంబరు కోసం పైసా పైసా దాచుకున్నోళ్లు మనోళ్లు. నాయకుడి పుట్టినరోజొస్తే రోడ్డుకి రెండు పక్కలా ఫ్లెక్సీలే. అక్కడెవులూ నోరెత్తరు. మన గుడికాడికొచ్చేసరికే పర్యావరణం గుర్తొచ్చిందేటి?

కోడలు: వాళ్లనీ అడగాల్సిందే మావయ్యా. కానీ అక్కడ నా మాట వినేదెవరు? ఇక్కడ మీరున్నారు. చట్టం కూడా మనకొక్కరికే రాలేదు. 2022 జులై 1 నుంచి అలంకరణ థర్మాకోలు, వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు దేశమంతటా నిషేధం. అయినా చట్టం మాట పక్కన పెట్టండి. ప్రభువు పుట్టింది పశువుల పాకలో. ఇది నూర్పుల కాలం, ప్రతి కళ్లంలోనూ గడ్డి ఉంది. దాన్నొదిలి థర్మాకోలు షీట్లు కొని, వాటికి గడ్డి రంగు ఎందుకు పుయ్యాలి?

మావయ్య: పాక సంగతి సరే, గడ్డి మా కళ్లంలోదే పట్టికెళ్లండి. పళ్లేల దగ్గర మాత్రం ఒప్పుకోను. అడ్డాకు విస్తళ్లంటున్నావు. మా నాన్న రోజుల్లో పెద్దిళ్ల పెళ్లికెళ్తే మనకి వేరే బంతి. అదీ అందరూ తిన్నాక, చూరు కింద. ఆకేస్తే వేసినట్టు, లేదంటే తువ్వాల్లో మూటగట్టుకుని రావడమే. సంఘమంతా కలిసి తినే మన ప్రేమవిందుకి మొదటిసారి బఫే పళ్లేలు తెచ్చిన రోజున ముసలోళ్లు ఎంత సంబరపడ్డారో నువ్వు చూళ్లేదు. సీతంపేట కొండల నుంచొచ్చే ఆ ఆకు నీకు అందంగా కనిపిస్తాది. మాకు ఆ చూరే కనిపిస్తాది.

(ఆయన చెప్పినవాటన్నిటిలోకీ బరువైన మాట ఇదే. దీనికి జవాబు లేకుండా పర్యావరణం గురించి ఎవరు మాట్లాడినా పేదవాడి చెవికెక్కదు.)

కోడలు: అలాగైతే ఆకు వద్దు మావయ్యా. స్టీలు కంచాలు కొందాం, సంఘం పేరు కొట్టించి. మన పేరున్న కంచంలో తిన్న మర్యాద, తిన్నాక విసిరేసే పళ్లెంలో ఉంటుందా?

మావయ్య: మరి తోమేదెవులు? మీ అత్తా, స్త్రీల సమాజమూను. పండగపూట ఆడోళ్లంతా బోరింగు కాడ చలిలో కూకోవాలా? ఆ ప్లాస్టిక్ వచ్చాకే మీ అత్త క్రిస్మస్ ఆరాధనలో చివరి ప్రార్థన దాకా కూకుంది.

కోడలు: అత్త తోమదు. యూత్ కుర్రాళ్లు తోముతారు. పండగకి ముందు చేసే సెమీ క్రిస్మస్‌కి రాత్రంతా మేలుకుని స్టేజీ కట్టేవాళ్లకి కంచాలొక లెక్కా? వాళ్లు ఒప్పుకోకపోతే నా మాట నేనే వెనక్కి తీసుకుంటాను. ఆడవాళ్ల నడుములు విరిచి నదిని బాగుచెయ్యమని నేననను.

మావయ్య: ఇంకోటి విను. బేతనియలో మరియ అత్తరు తెచ్చి ప్రభువు పాదాలకి పూసింది. మూడొందల దేనారాల ఖరీదు, అంటే ఇంచుమించు ఏడాది కూలి. అది అమ్మి బీదలకివ్వచ్చు కదా అని లెక్క చెప్పినోడు, తర్వాత ప్రభువుని పట్టిచ్చిన యూదా. నిన్ను వాడితో కలపడం లేదమ్మా. కానీ ప్రేమున్నకాడ కొంచెం ధారాళం ఉంటాది. లేకపోతే అది పండగెలాగవుద్ది?

కోడలు: ఆ అత్తరు కథున్న యోహాను సువార్తలోనే ఆరు అధ్యాయాలు వెనక్కెళ్లండి మావయ్యా. ఐదు రొట్టెలతో ఐదు వేలమందికి కడుపు నింపినాయనకి మిగిలిన ముక్కలతో ఏం పని? అయినా ఏదీ పాడవకూడదని ఏరించాడు. 12 గంపలు నిండాయి. మన విందులోనూ అన్నం మొదట తక్కువ వడ్డించి, మారు అడిగినవాళ్లకి కడుపునిండా పెడదాం. ఇక మరియ అత్తరంటారా, అది ఆమె సొంతం, ఆ ఖర్చూ ఆమెదే. మన థర్మాకోలు ఖర్చు మోసేదెవరు? 26న ఊడదీసి గెడ్డలో పారేస్తే ఆవులు నములుతాయి. వానొస్తే నాగావళిలోకి, అక్కణ్నుంచి సముద్రంలోకి. తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన సముద్రపు ఒడ్డుకొచ్చేదీ పండగ దాటిన నెలల్లోనే. పోనీ తగలబెడదామంటే ఫ్లెక్సీ పీవీసీ అనే ప్లాస్టిక్. దాని పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, డయాక్సిన్లనే విషాలు. గుడి వెనక ఇళ్లలో చంటిపిల్లలున్నారు.

మావయ్య: మరి మనకున్న ప్లాస్టిక్ చెట్టు? పారీమంటావా?

కోడలు: వద్దు. ఉన్నదాన్ని పారేసి పచ్చదనం పేరుతో ఇంకోటి కొనడమూ దుబారానే. అది విరిగిపోయేదాకా వాడదాం. తర్వాత సరుగుడు కొమ్మ. అది మనవాళ్లు పంటగా వేసేదే, పండగయ్యాక పొయ్యిలోకి పనికొస్తుంది. నక్షత్రం పిల్లలచేత వెదురు బద్దలు, గాలిపటం కాగితంతో కట్టిస్తాను. లోపల 9 వాట్ల ఎల్‌ఈడీ పెడితే పాత 60 వాట్ల బల్బంత వెలుగొస్తుంది.

మావయ్య: కొత్త బట్టలు కూడా వద్దంటావేమో?

కోడలు: ఆ జోలికి రాను. ఏడాదికొక్క జత కొనే ఇంట్లో ఆ జత దుబారా కాదు. అన్న తొడిగింది తమ్ముడికొస్తుంది, ఆఖరికి మసిగుడ్డవుతుంది. పొదుపు వాళ్లకి మనం నేర్పేదేంటి?

మావయ్య: ఫ్లెక్సీ మాత్రం ఒక్కటుండాల. కానుకిచ్చినోళ్ల ఫొటోలు లేకపోతే అలుగుతారు.

కోడలు: గుడ్డ బ్యానరు మీద సంవత్సరం వెయ్యకుండా రాయిద్దాం, ఏటా కట్టుకోవచ్చు. ఇచ్చినవాళ్ల పేర్లు ఆరాధనలో చదివి, వాళ్లకోసం ప్రార్థన చేద్దాం.

మావయ్య: పేరు చదివితే సరిపోదమ్మీ. ఫొటో ఉండాల. ఇక్కడ నేను తగ్గను.

కోడలు: నేనూ తగ్గను. కమిటీలో చేతులెత్తించి అడుగుతాను.

మావయ్య: అడుగు. దానికి ముందు కంచాలు తోమే కుర్రాళ్ల పేర్లు కాగితం మీద రాసి పట్టుకురా, సంతకాలతో. అది నా చేతికొచ్చాకే స్టీలు కొట్టుకెళ్దాం.